బ్యాలెన్స్: రెండు పళ్లేల మాట



"సైకిల్ బ్యాలెన్స్ తప్పింది." "ఫోన్‌ల బ్యాలెన్స్ అయిపోయింది." "హోంవర్కు ఇంకా బ్యాలెన్స్ ఉన్నది సార్." "ఈ ఈక్వేషన్ బ్యాలెన్స్ చేయండి." "దుకాణంల మీ నాయన బ్యాలెన్స్ మూడు వందలున్నది."

మన బడి గేటు నుంచి రామన్నపేట రైల్వే స్టేషన్ దాకా నడిచేలోపు ఈ అయిదు మాటల్లో రెండో మూడో చెవిన పడతాయి. ఇంగ్లిషు రానివాళ్లు కూడా వాడే ఇంగ్లిషు మాట ఇది. కానీ అయిదు చోట్లా అర్థం వేరు. సైకిల్ దగ్గర నిలకడ అని, ఫోన్ దగ్గర నిల్వ అని, హోంవర్కు దగ్గర మిగిలిపోయిన పని అని, లెక్క దగ్గర రెండు వైపులా సరిచేయడం అని, దుకాణం దగ్గర బాకీ అని. ఒక్క మాట ఇన్ని పనులెట్ల చేస్తున్నది? అది తెలియాలంటే మాట పుట్టిన చోటికి పోవాలె.

ముందుగా స్పెల్లింగు సంగతి. ఇందులో "ఎల్" అక్షరం ఒకటే. బెలూన్‌కు రాసినట్టు రెండు "ఎల్"లు రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ప్రతి సంవత్సరం ఉంటారు.

ఇక పుట్టుక. లాటిన్ భాషలో "లాంక్స్" అంటే పళ్లెం. "బి" అంటే రెండు. "బిలాంక్స్" అంటే రెండు పళ్లేలు గలది, అనగా త్రాసు. ఆ మాట పాత ఫ్రెంచిలోకి పోయి "బలాన్స్" అయింది. ఇంగ్లండును ఫ్రెంచి మాట్లాడే రాజులు ఏలిన రోజుల్లో, 1200 తర్వాత, ఇంగ్లిషులో చేరి బ్యాలెన్స్ అయింది. ఫ్రెంచివాళ్లు నేటికీ త్రాసును ఆ పేరుతోనే పిలుస్తారు. లాటిన్ "బి", మన సంస్కృతం "ద్వి" ఒకే మూలం నుంచి వచ్చిన అన్నదమ్ములు. బైసికిల్ అన్నా, ద్విచక్రవాహనం అన్నా రెండు చక్రాలే గదా!

కనుక బ్యాలెన్స్ అంటే మొదట ఒక వస్తువు పేరు. మనం కాంటా అంటాం, తరాజు అంటాం, త్రాసు, తక్కెడ అని పుస్తకాల్లో రాస్తాం. (తరాజు పారసీ మాట, ఉర్దూ ద్వారా మన ఊళ్లకు వచ్చింది.) అచ్చ తెలుగులో దీనికి మంచి మాటల కుటుంబమే ఉన్నది: తూగు, తూచు, తూకం, తూనిక. ఉయ్యాల తూగుతుంది, కాంటా తూగుతుంది, రాత్రి స్టడీ అవర్‌లో వెనక బెంచీ వాళ్లు తూగుతారు. మూడూ ఒకే మాట. వేలాడుతూ అటూ ఇటూ ఊగడమే దాని అర్థం. "వాడికి వీడు సరితూగడు" అన్నప్పుడు మనం మనుషులను కూడా కాంటాలో పెడుతున్నాం.

మనుషులను నిజంగానే కాంటాలో పెట్టే చోటు ఒకటి ఉన్నది. ములుగు జిల్లా మేడారంలో రెండేళ్లకొకసారి జరిగే సమ్మక్క సారలమ్మ జాతరకు మొక్కుకున్నవాళ్లు ఒక పళ్లెంలో కూర్చుంటారు. రెండో పళ్లెంలో బెల్లం పెట్టుకుంటూ పోతారు. రెండు పళ్లేలు సమమైనప్పుడు ఆ బెల్లం అమ్మవార్లది. ఆ బెల్లాన్ని అక్కడ "బంగారం" అంటారు. బిలాంక్స్ అంటే ఏమిటో లాటిన్ రాకపోయినా ఆ కాంటా చూసినవారికి తెలిసిపోతుంది.

ఇప్పుడు కాంటా పనితీరు చూద్దాం. ఇది అందరూ జాగ్రత్తగా చదవండి, పరీక్షకు కాకపోయినా ఇంటికి పనికొస్తుంది.

కాంటా ఒక తులాదండం. ఏడో తరగతి పిల్లలకు "లివర్" అంటే తెలుస్తుంది. మధ్యలో ముల్లు, రెండు వైపులా రెండు చేతులు. బరువును చేతి పొడవుతో గుణిస్తే రెండు వైపులా ఒకే లెక్క రావాలి, అప్పుడే దండం అడ్డంగా నిలుస్తుంది. చేతులు రెండూ సమానంగా ఉంటేనే బరువులు సమానం. మరి చేతులు సమానంగా లేకపోతే?

ఒక చెయ్యి 20 సెంటీమీటర్లు, ఇంకొకటి 19 అనుకోండి. పొడుగు చేతికి కొంచెం తేలిక పళ్లెం తగిలిస్తే ఖాళీ కాంటా నిటారుగానే నిలబడుతుంది. "చూడు, ముల్లు మధ్యలోనే ఉన్నది" అని చూపించవచ్చు. అందులో అబద్ధం లేదు. ఇప్పుడు పొట్టి చేతి వైపు కిలో రాయి పెట్టి, పొడుగు చేతి వైపు పప్పు పోస్తే 1000ని 19తో గుణించి 20తో భాగించాలి. 950 గ్రాములకే కాంటా తూగుతుంది. కొనేవాడికి 50 గ్రాములు పోయింది.

అదే కాంటాతో వ్యాపారి మన దగ్గర సరుకు కొంటే సరుకును పొట్టి చేతి వైపు పెడతాడు, అంతే. అప్పుడు 1000ని 20తో గుణించి 19తో భాగించాలి. 1052 గ్రాములు పోస్తే గాని కిలో కాదు. చింతపండు 20 కిలోలు అని రాసుకుంటే నిజానికి 21 కిలోల పైన పోయినట్టు. ఒకే కాంటా, రాయి కూడా నిఖార్సయినదే, కానీ అమ్మినప్పుడూ నష్టమే, కొన్నప్పుడూ నష్టమే.

దీన్ని పట్టుకునే ఉపాయం ఆ మాటలోనే ఉన్నది: పళ్లేలు రెండు. కాంటా తూగిన తర్వాత రాయిని సరుకు పళ్లెంలోకి, సరుకును రాయి పళ్లెంలోకి మార్చమనాలి. చేతులు సమానమైతే మళ్లీ తూగుతుంది. సమానం కాకపోతే ఒక వైపు దిగిపోతుంది. దీనికి చదువు అక్కర్లేదు, పరికరం అక్కర్లేదు, అడిగే ధైర్యం ఉంటే చాలు. అయితే రాయే తప్పుదైతే ఈ ఉపాయం పట్టించదు. ఇనుప రాయి అడుగున గుంటలో సీసం పోసి దానిమీద తూనికలు కొలతల శాఖవారు ముద్ర వేస్తారు. రాయి తిరగేసి ఆ ముద్ర చూడాలి.

ఇప్పుడు చాలా చోట్ల ఎలక్ట్రానిక్ కాంటాలు వచ్చాయి. వాటికి పళ్లెం ఒకటే! రెండో పళ్లెం ఎక్కడికి పోయింది? యంత్రం లోపలికి పోయింది. కిలో అంటే ఎంతో ముందుగానే దానికి నేర్పి పెట్టారు. అందుచేత పళ్లేలు మార్చి చూసే వీలు లేదు. సరుకు పెట్టకముందు సున్నా చూపిస్తున్నదా లేదా చూడాలి. అనుమానం వస్తే సీలు విప్పని కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టి చూడండి. ప్యాకెట్ కవరు బరువు కొన్ని గ్రాములు పోను కిలో చూపించాలి. వడ్లు అమ్మే కేంద్రాల్లో కాంటా అయ్యేటప్పుడు సంచి బరువు ఎంత తీశారు, తరుగు ఎంత తీశారు అని పెద్దవాళ్లు గొడవ పడుతుంటే వింటుంటారు గదా! అది వడ్ల గొడవ మాత్రమే కాదు, కనబడని రెండో పళ్లెంలో ఏమి పెట్టారన్న గొడవ.

ఈ గొడవ కొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలోనే త్రాసులు, తూనికరాళ్లు చూసుకోవడానికి పౌతవాధ్యక్షుడు అనే అధికారి ఉన్నాడు. మన దేశంలో 80 తులాలు ఒక సేరు, 40 సేర్లు ఒక మణుగు అనే లెక్క ఒకటి ఉండగా, ఊరికొక రకం సేరు కూడా నడిచేది. సేరు ఎంతో తెలియనివాడు మోసపోయేవాడు. 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చి, ఆ తర్వాత కొద్ది ఏళ్లలో దేశమంతా కిలో, లీటరు, మీటరు అమలయ్యాయి. ఇప్పుడున్నది 2009 నాటి చట్టం. గిరిజన సహకార సంస్థ, అంటే జి.సి.సి., ఏర్పడింది కూడా 1956లోనే. అడవి నుంచి తేనె, జిగురు, చింతపండు తెచ్చేవారిని ప్రైవేటు వ్యాపారులు ధరలోనూ తూకంలోనూ ముంచుతున్నారని ఆ సంస్థను పెట్టారు. మన పాత మహబూబ్‌నగర్ జిల్లా నల్లమలలో చెంచులు తేనె, జిగురు అమ్మేది ఆ సంస్థకే.

తులం అన్నాను గనుక ఒక సంగతి. సంస్కృతంలో తుల అంటే త్రాసు. తులారాశి బొమ్మ చూడండి, త్రాసే ఉంటుంది. లాటిన్‌లో దానిపేరు లిబ్రా. లిబ్రా అంటే త్రాసు, ఒక బరువు కూడా. పౌండును "ఎల్.బి." అని పొట్టిగా రాయడం ఆ లిబ్రా వల్లనే. ఫిజిక్సులో వచ్చే ఈక్విలిబ్రియం అంటే సమానమైన త్రాసు. గ్రీకులో త్రాసుకు "తలాంతోన్" అని పేరు. అది మన "తుల"కు దూరపు చుట్టం. త్రాసు పేరు బరువుకు వచ్చింది, బరువు పేరు అంత వెండి విలువకు వచ్చింది. బైబిల్లో యజమాని తన దాసులకు తలాంతులు పంచిన కథ ఉన్నది. ఆ కథ వల్ల దేవుడిచ్చిన శక్తి అనే అర్థం వచ్చి, చివరకు "టాలెంట్" అయింది. టాలెంట్ టెస్టు రాసేవాళ్లంతా తెలియకుండానే కాంటా ఎక్కుతున్నారన్నమాట. తులం బంగారం మాత్రం ఇప్పటికీ తకరారే. పాత లెక్కలో తులం 11.66 గ్రాములు. నేడు చాలా దుకాణాల్లో 10 గ్రాములనే తులం అంటున్నారు. ఇంట్లో పెండ్లికి కొనేటప్పుడు తులాల్లో కాక గ్రాముల్లో అడగమని చెప్పండి.

సరే, త్రాసు అనే వస్తువు పేరు డబ్బు నిల్వకూ బాకీకీ ఎట్ల వచ్చింది? ఇది అసలు సంగతి.

ఇటలీ వర్తకులు లెక్కలు రాసే పద్ధతిని లూకా పాచియోలి అనే సన్యాసి 1494లో వెనిస్ నగరంలో పుస్తకంగా అచ్చువేశాడు. పేజీకి రెండు వైపులు. ఒక వైపు వచ్చింది, ఇంకో వైపు పోయింది. రెండు వైపులు అనగా రెండు పళ్లేలే అనుకోండి. ఒక వైపు 750 రూపాయలు వచ్చింది, రెండో వైపు 620 పోయింది. రెండో పళ్లెం తేలికగా ఉన్నది. దానిని సమం చేయడానికి అటువైపు 130 వేయాలి. అప్పుడు రెండు వైపులా 750. కాంటా తూగింది. ఆ తూగించడానికి వేసిన 130 పేరే బ్యాలెన్స్. తేలిక పళ్లెంలో వేసిన చిన్న రాయి అది. అక్కడి నుంచే మిగిలినది అనే అర్థం, మిగిలిన పని అనే అర్థం వచ్చాయి.

కానీ తిప్పి చూడండి. వచ్చింది 620, పోయింది 750 అయితే? అప్పుడు కూడా 130 వేస్తేనే తూగుతుంది, కానీ ఈసారి మొదటి వైపు వేయాలి. మొదటి లెక్కలో 130 నీ జేబులో ఉన్నది. రెండో లెక్కలో 130 నువ్వు ఇంకొకరికి కట్టాలి. రెండింటినీ బ్యాలెన్స్ అనే అంటారు! ఉన్నదానికీ లేనిదానికీ ఒకే పేరు. అందుకే ఎవరైనా "బ్యాలెన్స్ ఉన్నది" అంటే సంతోషపడే ముందు "ఎవరు ఎవరికి ఇవ్వాలి?" అని అడగాలి.

మన బాకీ అనే మాటకూ ఇదే జరిగింది. అది అరబ్బీ మాట, ఉర్దూ ద్వారా వచ్చింది. దాని అర్థం "మిగిలినది" మాత్రమే. హైదరాబాదులో ఉర్దూ మాట్లాడేవాళ్లు "బాకీ పని రేపు చేస్తా" అన్నట్టు వాడతారు. మన ఊళ్లల్లో మాత్రం బాకీ అంటే అప్పు. ఎందుకంటే పల్లెల్లో పేదవాళ్ల లెక్కలో మిగిలినది ఎప్పుడూ అప్పే. ఒక మాట అర్థం ఎట్లా మారిందో చూస్తే ఆ మాట వాడినవాళ్ల బతుకు కొంత తెలుస్తుంది.

నిజాం కాలంలో అప్పు తీసుకున్న పేదవాడు ఆ అప్పు కింద దొర దగ్గర జీతం ఉండేవాడు. సర్కారు కాగితాల్లో ఆ పద్ధతికి భగేలా అని పేరు. దాని లెక్క ఎట్ల నడిచేదో అర్థం కావడానికి ఒక ఉదాహరణ వేస్తున్నాను, ఈ అంకెలు నావి. అప్పు 100 రూపాయలు. సంవత్సరం పనిచేస్తే జీతం 30 అని రాసుకున్నారు. ఆ సంవత్సరంలో తిండికి ఇచ్చిన జొన్నలు, బిడ్డ పెండ్లికి ఇచ్చిన చేబదులు, వడ్డీ కలిపి 40 అని రాసుకున్నారు. సంవత్సరం చివర బ్యాలెన్స్ 110. మనిషి ఏడాది పొడుగునా పనిచేస్తే అప్పు పది రూపాయలు పెరిగింది. తండ్రి పోతే కొడుకు వచ్చేవాడు. కూడికలు తీసివేతలు సరిగ్గానే ఉండవచ్చు. కానీ జీతం ముప్పయ్యే అని ఎవరు కట్టారు? జొన్నలు ఎవరి మానికతో కొలిచారు? పుస్తకం ఒకరి దగ్గరే ఉన్నది, చదవడం వాళ్లకే వచ్చు. ఒంటి పళ్లెం కాంటా అది.

హైదరాబాద్ ప్రభుత్వం 1936లో భగేలా ఒప్పందాల మీద ఒక చట్టం చేసింది, కానీ పల్లెల్లో అది పెద్దగా పనిచేయలేదు. 1946 నుంచి 1951 వరకు మన నల్లగొండ కేంద్రంగా సాగిన సాయుధ పోరాటంలో రైతులు ఎన్నో ఊళ్లలో దొరల దగ్గరి అప్పు కాగితాలు తగలబెట్టారు. ఎందుకు భూముల కంటే ముందు కాగితాల మీద పడ్డారని కొందరు అడుగుతుంటారు. పై లెక్క చూసినవారికి ఆ అనుమానం రాదు. తర్వాత 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. 1975 అక్టోబరు 25 నుంచే అమలులోకి వచ్చినట్టు లెక్క. ఆ చట్టం ప్రకారం వెట్టికి కట్టిపడేసిన అప్పులన్నీ రద్దు. అంటే ఆ పుస్తకాల్లో బ్యాలెన్స్ ఎంత రాసి ఉన్నా సున్నాయే.

ఇప్పుడు పుస్తకం మన చేతికి వచ్చింది. దానిపేరు బ్యాంకు పాస్‌బుక్. 2014లో జనధన్ పథకంతో సున్నా బ్యాలెన్స్‌తో ఖాతా తెరిచే వీలు చాలామందికి కలిగింది. పింఛను, వడ్ల డబ్బులు ఖాతాలోనే పడుతున్నాయి. కానీ చాలా ఇండ్లల్లో ఆ పుస్తకం బట్టలో చుట్టి పెట్టెలో ఉంటుంది. డబ్బు తెచ్చిచ్చేవాడు ఎంత చెపితే అంతే. సెలవులకు పోయినప్పుడు మీ అమ్మమ్మ పుస్తకం మీరు చదివి చెప్పండి. చివరి గడిలో ఉండేది బ్యాలెన్స్. దాని పక్కన "సి.ఆర్." అని ఉంటే అది ఆమె డబ్బు. "డి.ఆర్." అని ఉంటే ఆమె బ్యాంకుకు కట్టవలసింది. పంట లోను ఖాతాలో ఇది కనబడుతుంది. మొదటిది క్రెడిట్, లాటిన్‌లో "నమ్ము" అనే మాట నుంచి వచ్చింది. రెండోది డెబిట్, "అచ్చి ఉండు, బాకీపడు" అనే మాట నుంచి వచ్చింది. ఈ రెండక్షరాలు చూడకుండా అంకె మాత్రం చూసి "అమ్మమ్మా, నీకు నలభై వేలున్నయి" అని చెప్పారంటే ఆమె మేకలు కొనడానికి పోతుంది!

మిగిలిన అర్థాలు త్వరగా చెప్పేస్తాను. సైకిల్ మీద, తాడు మీద, కావడి మోసేటప్పుడు కావలసింది నిలకడ. కావడి అయితే అసలు భుజం మీద పెట్టుకున్న త్రాసే. రసాయన సమీకరణం బ్యాలెన్స్ చేయడం అంటే బాణం గుర్తుకు ఇటూ అటూ పరమాణువుల లెక్క సమం చేయడం. ఫ్రాన్సు శాస్త్రవేత్త లావోజియే మంచి త్రాసులు పెట్టి తూచి చూసి, మార్పుకు ముందూ తర్వాతా పదార్థం బరువు మారదని 1789 నాటి తన గ్రంథంలో రాశాడు. బ్యాలెన్స్‌డ్ డైట్‌ను మన పాఠ్యపుస్తకంలో సమతుల ఆహారం అన్నారు. ఇందులో మాత్రం పళ్లేలు రెండు కావు, ఒక్క పళ్లెంలోనే జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, గుడ్డు అన్నీ ఉండాలి.

మన జిల్లావాళ్లకు బాగా తెలిసిన బ్యాలెన్స్ ఇంకొకటి ఉన్నది, పేపర్లో తరచూ వస్తుంది: బ్యాలెన్సింగ్ రిజర్వాయర్. నాగార్జునసాగర్ వెనుక నీళ్లను పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తి అక్కంపల్లి బ్యాలెన్సింగ్ రిజర్వాయర్‌లో పోస్తారు. హైదరాబాదుకు కృష్ణా తాగునీరు పోయేది అక్కడి నుంచే. నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం కూడా ఇదే తరహా. మోటార్లు ఒకరోజు ఎక్కువ నడుస్తాయి, ఒకరోజు తక్కువ. కాలువకు మాత్రం రోజూ ఒకే తీరుగా నీళ్లు కావాలి. వచ్చే దానికీ పోయే దానికీ ఉన్న తేడాను మధ్యలో చెరువు తన కడుపులో పెట్టుకుంటుంది. పాచియోలి లెక్కలో 130 చేసిన పనే ఇక్కడ నీళ్లు చేస్తున్నాయి.

ఇక ఈ నెల లెక్క. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల వాళ్లు చేయాలి.

ఒక కాంటా చేతులు సమానంగా లేవు. ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు మధ్యలోనే ఉన్నది. ఒక బెల్లం ముద్దను ఎడమ పళ్లెంలో పెట్టి తూస్తే 968 గ్రాములు వచ్చింది. అదే ముద్దను కుడి పళ్లెంలో పెట్టి తూస్తే 1058 గ్రాములు వచ్చింది. ముద్ద నిజమైన బరువు ఎంత? రెండింటిని కూడి సగం చేస్తే 1013 వస్తుంది, అది జవాబు కాదు. చేతుల పొడవులను "అ", "ఆ" అనుకొని రెండు సమీకరణాలు రాసి, వాటిని గుణించి చూడండి. చేతుల నిష్పత్తి కూడా కనుక్కున్నవారి పేర్లు జవాబుతో పాటు వచ్చే సంచికలో రాస్తాం. కాగితాలు శనివారం లోపల గోడపత్రిక పెట్టెలో వేయాలి.